ఎనామిల్ కుంకుమ

నేను ఏడో తరగతి దాకా చదివాను. అందులో సగం రోజులు బెంచీ మీద కూర్చుని, మిగతా సగం బెంచీ మీద నిలబడి. అందుకే నా తోటివాళ్ళకంటే నాకే లోకం కాస్త ఎత్తునుంచి కనిపించింది. ఎనిమిదో తరగతికి బడివాళ్ళు నన్ను పిలవలేదు, నేనూ అడగలేదు. మర్యాదగా విడిపోయాం. పన్నెండేళ్ళ తర్వాత చూసుకుంటే మద్రాసు మాధవరంలో పాలకాలనీ వెనక ఒక షెడ్డులో, బడి బెంచీల ఇనుప చట్రాలకు రంగు పట్టించే చోట పనిచేస్తున్నాను. నన్ను ఎక్కించి నిలబెట్టిన బెంచీ ఏదో ఒకనాటికి మళ్ళీ రంగుకోసం ఇక్కడికి రాకపోతుందా, దాని సంగతి చూడకపోతానా అనుకునేవాణ్ణి. వచ్చిందో లేదో తెలియదు. బెంచీలన్నీ ఒకేలా ఉంటాయి. ఎక్కి నిలబడే పిల్లలే రకరకాలు.

పనిచేస్తున్నాను అన్నానే గానీ, రంగు కొట్టేది నేను కాదు, మేస్త్రీ. నేను హుక్కులు గీకేవాణ్ణి. షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసదాకా తలకంటే ఎత్తులో ఒక లావుపాటి పైపు ఉండేది. దానికి వరసగా హుక్కులు, హుక్కులకు చట్రాలు. ఒక్కొక్కటే తోసుకుంటూ పోతే, మూడువైపులా రేకులు, వెనక పెద్ద ఫ్యాను ఉన్న గదిలోకి చేరుతాయి. అక్కడ మేస్త్రీ గన్ను పట్టుకుని నిలబడి ఉంటాడు. అది మామూలు గన్ను కాదు. మామూలు గన్నుతో కొడితే సగం రంగు ఇనుముకు, సగం గాలికి. ఇది రంగుకు కరెంటు ఎక్కించి వదిలే గన్ను. కరెంటెక్కిన రంగు ఇనుమును వెతుక్కుంటూ పోతుంది. ముందునుంచి కొడితే గొట్టం చుట్టూ తిరిగి వీపుకు కూడా అంటుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు రంగుకు కళ్ళున్నాయేమో అనుకున్నాను.

గన్నుకు కరెంటిచ్చే పెట్టె మీద ముల్లు ఎనభై దగ్గర నిలబడేది. ఎనభై వోల్టులే కదా, ఇంట్లో బల్బుకే రెండొందల ముప్పై కావాలి అని నేను తీసిపారేశాను. ఎనభై కాదు, ఎనభై వేలు అని మేస్త్రీ చెప్పిన రోజునుంచి ఆ పెట్టెకు దూరంగా, అవతలి గోడ పక్కనుంచి నడిచేవాణ్ణి.

చట్రమేదో హుక్కేదో రంగుకు తెలియదు. చట్రానికి పట్టినట్టే హుక్కుకూ పడుతుంది. వారం తిరిగేసరికి హుక్కు మీద పొర మీద పొర పేరుకుని చెరుకుగడ కణుపులా ఉబ్బిపోతుంది. దాన్ని ఉలితో కొట్టి, ఆకురాయితో రుద్ది, చట్రం ఆనే చోటూ పైపుకు తగిలే చోటూ తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకాలి. అది నా ఉద్యోగం. చింతాద్రిపేటలో మా వీధివాళ్ళు ఏం పని అని అడిగితే "ఇనుముకు క్షవరం" అని చెప్పేవాణ్ణి.

మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. పుట్టిందీ పెరిగిందీ మద్రాసే. ఆయన రంగు గదిలోకి గుళ్ళోకి పోయినట్టు పోయేవాడు. చెప్పులు బయట వదిలి, ఉంగరం తీసి మేకుకు తగిలించి, జేబులోని తాళంచెవులూ చిల్లరా ఒక డబ్బా మూతలో పోసి, వట్టి పాదాలతో లోపలి ఇనుప పలక మీద నిలబడేవాడు. రెండు చేతులకూ తొడుగులే గానీ, కుడిచేతి తొడుగుకు అరచేయి ఉన్న మేర కత్తిరించి ఉండేది.

"మేస్త్రీ, టెంకాయ మరిచిపోయినారు," అన్నాను చేరిన కొత్తలో.

"నీ తలకాయ ఉండాది గదరా, అవసరమైతే అదే కొడతా," అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, "రబ్బరు చెప్పులేసుకుంటే నువ్వు గాల్లో నిలబడినట్టే. ఒంట్లోకొచ్చిన కరెంటుకు దిగే దావుండదు. ఆడనే కూసోనుంటాది. ఆ తరవాత నువ్వు దేన్ని ముట్టుకుంటే దానిమీదికి దూకుతాది. ఈడ గాలంతా థిన్నరు. ఒక్క నిప్పురవ్వ చాలు," అన్నాడు.

తొడుగుకు ఆ చిల్లు కూడా అందుకే. వట్టి చెయ్యి గన్ను పిడిని తాకుతూ ఉంటే, మనిషికీ గన్నుకీ భూమికీ పొత్తు కుదిరినట్టు. రంగును పలచన చేసే థిన్నరు డబ్బాను ఆయన ఎన్నడూ గది గడప దాటనివ్వలేదు. ఒకసారి నేను ఖాళీ బకెట్టే కదా అని లోపల చెక్కపీట మీద పెడితే పని ఆపేసి బయటికొచ్చాడు.

"చెక్క మీద కూసున్న ఇనుమును నమ్మరాదు. పక్కన మనం రంగు కొడతా ఉంటే అది కమ్మగా కరెంటు తాగేసి, ఏమీ తెలవనట్టు కూసోనుంటాది. తీసెయ్."

మద్రాసు మురుగంతా మోసే కూవం ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన నాకు థిన్నరు వాసన అత్తరులాగా ఉండేది. అందులో భయపడాల్సినది ఏముందో చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు టీ తాగుతుంటే అసలు ఈ భూమి గొడవేమిటని అడిగాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి వేళ్ళమీద చెప్పాడు.

"రంగు గన్నులోంచి కోపంగా వస్తాది. ఆ కోపం దిగాలంటే భూమిలోకి పోవాల. చట్రంలోంచి హుక్కుకు, హుక్కులోంచి పైపుకు, పైపులోంచి ఆ రాగి తీగకు, తీగలోంచి భూమికి. ఇదీ దావ. మధ్యలో ఏడన్నా గేటు పడిందనుకో, కోపం పోయే చోటు లేక తిరుక్కొని నీ మొహానే పడతాది."

"అట్టయితే మా ఇంట్లో ఆమెకి కూడా ఒక ఎర్తు తీగ కట్టించాల మేస్త్రీ."

"మీ ఇంట్లో ఎర్తు నువ్వే గదరా," అన్నాడాయన, టీ గ్లాసు మళ్ళీ అందుకుంటూ.

ఆ దావ తెరిచి ఉందో మూసి ఉందో చూడటానికి ఆయన దగ్గర ఒక మీటరు ఉండేది, నల్లటి పెట్టె, రెండు తీగలు. రోజూ పొద్దున గన్ను ముట్టుకోకముందు, ఒక తీగ చట్రానికి, ఇంకో తీగ భూమిలోకి పోయే రాగికి ఆనించి ముల్లు చూసేవాడు. ముల్లు ఆయనకు నచ్చితేనే పని. నచ్చకపోతే హుక్కు విప్పి నా ముందు పడేసేవాడు. తిట్టేవాడు కాదు. పడేసిన చప్పుడు చాలు.

రెండేళ్ళు అలా గీకాక, ఒక వానాకాలపు సాయంత్రం ఆయన భుజం పట్టుకుని కూర్చుని, "ఇంక చెయ్యి లేవడంలేదురా. విజయదశమి నాడు గన్ను నీ చేతికిస్తా. సరిగ్గా పట్టుకుంటే నీదే. నేను పక్కన నిలబడి చూస్తా ఉంటా," అన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర నా భార్యకు చెప్పాను. ఆమె ముందు నమ్మలేదు. నేను నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఒకే మొహంతో చెబుతానని ఆమె ఫిర్యాదు. నమ్మిన తర్వాత మాత్రం తెల్లారకముందే వాళ్ళ నాన్నకు కబురు పెట్టేసింది. మా మామగారు బడిలో గంట కొట్టే పని చేసి రిటైరైన మనిషి. జీవితమంతా పిల్లలు లోపలికి పోవడమూ బయటికి రావడమూ గంట ప్రకారం జరగడం చూసినవాడు. గంట కొట్టకముందే బయటికొచ్చేసిన అల్లుడంటే ఆయనకు సహజంగానే గిట్టదు. పండక్కో పబ్బానికో ఎవరైనా అల్లుడేం చేస్తాడని అడిగితే, "గీకతాడు" అని ఊరుకునేవాడట. ఏం గీకుతాడో చెప్పేవాడు కాదు. వాళ్ళేమనుకునేవాళ్ళో దేవుడికెరుక.

ఇప్పుడు ఆ మాట మారాలి. నాకు కావలసింది అంతే. గన్ను చేతికొస్తే నేను గీకేవాణ్ణి కాదు, రంగు కొట్టేవాణ్ణి.

ఆయుధపూజకు ముందురోజు ఏ షెడ్డులోనూ పని ఉండదు, కడగడమే ఉంటుంది. మెషీన్లు తుడవడం, నేల కడగడం, మామిడాకులు కట్టడం. మర్నాడు ప్రతి యంత్రానికీ గంధం పూసి కుంకుమ పెడతారు. ఏటా చూసేవాణ్ణి. పెట్టిన గంధం సాయంత్రానికి ఎండి రాలుతుంది, కుంకుమ రెండో రోజుకు చెమటకో నూనెకో కరిగిపోతుంది. ఇంత పెద్ద పండగ గుర్తు రెండు రోజులైనా నిలవకపోవడం నాకు బాగోలేదు. పైగా ఈసారి పూజ మామూలు పూజ కాదు. నా గన్నుకు, నా హుక్కులకు పూజ.

చేతిలో బ్రష్షున్న మనిషి ఊరుకోలేడు. మూలన పాత పని తాలూకు డబ్బాలో గంటలో ఆరిపోయే రకం పసుపు ఎనామిల్ మిగిలి ఉంది. ఇంకో డబ్బాలో ఎరుపు. మేస్త్రీ భుజానికి తైలం రాయించుకోవడానికి పెందలాడే ఇంటికి పోయాడు. నేను హుక్కులన్నీ దింపి, మునుపెన్నడూ లేనంత నున్నగా గీకి, ఇనుము తళతళలాడేలా చేసి, తలనుంచి కొసదాకా పసుపు వేశాను. ఆరనిచ్చి మళ్ళీ వేశాను. మూడో పూత కూడా వేశాను. రాగి తీగను పైపుకు బిగించే ఇత్తడి పట్టీ ఒకటి ఉంది. దాన్ని విప్పి లోపలా వెలుపలా పసుపు పూసి, ఆరాక బిగించి, నడిమధ్య గుండ్రంగా ఎర్రటి బొట్టు పెట్టాను. పైపు మీద హుక్కులు జారే చోటు కూడా వదల్లేదు. గంధం పసుపు, కుంకుమ ఎరుపు, ఏడాదికి సరిపడా. దూరంగా నిలబడి చూసుకుంటే ముత్తైదువలా ఉంది షెడ్డు.

రెండేళ్ళు ఆ హుక్కుల మీద రంగు గీకడమే నా పని. ఆ రెండేళ్ళలో దేనికి గీకుతున్నానో రోజుకొకసారి విన్నాను. అయినా ఆ పూట నా బుర్రకు తట్టలేదు. గన్నులోంచి దానంతట అది వచ్చి పడిన రంగు మురికి. నేను భక్తిగా వేసింది అలంకారం. ఆ రెండూ ఒకటే అని ఎవరైనా చెప్పినా ఆ పూట నమ్మేవాణ్ణి కాదు.

మర్నాడు పూజకు ముదలాళి, అంటే మా షెడ్డు యజమాని, కుటుంబంతో వచ్చాడు. ఉత్తర మద్రాసులో మూడు తరాలుగా ఇనుప సామాను టోకు వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళు. ఆయన షెడ్డంతా కలయజూసి, "ఎవురప్పా ఇది చేసింది? భేష్, కల్యాణమంటపం మాదిరి ఉండాది!" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను, వినయంగా కాదు, నవ్వు కనబడకుండా. మేస్త్రీ కూడా ఎత్తున ఉన్న పసుపుకేసి చూశాడు గానీ, అప్పుడే బొరుగులూ శనగలూ బెల్లమూ పంచడం మొదలైంది. గన్నును, ఉలిని, నా ఆకురాయిని అమ్మవారి పటం ముందు పేర్చారు. పటం నిలవడంలేదని ఎవరో దానికి వెనక మీటరు పెట్టెను ఆనించారు. పటం నిలబడింది. పెట్టె మీద దండ వేశారు, గంధం పూశారు, బొట్టు పెట్టారు. పూజలో పెట్టిన వస్తువును మర్నాడు మళ్ళీ దీపారాధన అయ్యేదాకా కదపరు. అది అందరికీ తెలిసిన పద్ధతే.

ఆ మర్నాడు విజయదశమి. శనివారం. పొద్దున తొమ్మిదికి రాహుకాలం మొదలు. అంతకుముందే, మా మద్రాసులో నల్ల నేరం అనే మంచి గడియలో, ఒక్క చట్రానికి రంగు కొట్టి పని ప్రారంభించాలి. ముదలాళి ఎనిమిదిన్నరకే వచ్చాడు గానీ, పూజ చేయవలసిన అయ్యవారు రావడానికి పావుగంట తక్కువ తొమ్మిది అయింది. ఆయన ఇంకా మంత్రాలు మొదలుపెట్టలేదు. గన్నును మాత్రం నమస్కారం పెట్టి నాకోసం తీశారు.

మేస్త్రీ అమ్మవారి పటం దగ్గరికి పోయి వెనక్కి వంగి చూశాడు. "మీటరు కావాల," అన్నాడు.

"మీటరు తీస్తే పటం పడతాది," అన్నాడు ముదలాళి. "నిండుగా పూలేసి ఉండారు. విజయదశమి నాడు అమ్మవారి పటం పడితే బాగుంటాదా? ఒక్క చట్రమే గదా మేస్త్రీ. నల్ల నేరం దాటిపోతా ఉండాది, సీక్రం కానీండి."

మేస్త్రీ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణాన్ని నేను చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. నా మొహం చూశాడు. అది పెళ్ళిపీటల మీద కూర్చోబోయే మొహంలా ఉండి ఉంటుంది. "సరి, దా," అన్నాడు.

చెప్పులు విడిచాను. తాళిబొట్టంత జాగ్రత్తగా చూసుకునే నా వాచీ తీసి డబ్బా మూతలో పెట్టాను. మొలతాడుకున్న వెండి బిళ్ళ కూడా. పలక మీద వట్టి పాదాలతో నిలబడ్డాను, చల్లగా ఉంది. మేస్త్రీ ఫ్యాను వేశాడు, గాలి వెనక్కి లాగడం మొదలైంది. అరచేయి చిల్లున్న తొడుగు నాకు తొడిగి, గన్ను నా చేతిలో పెట్టి, నా చేతి మీద తన చెయ్యి వేశాడు. చిన్నప్పుడు బియ్యంలో అక్షరాలు దిద్దించేటప్పుడు మా తాత పట్టుకున్నట్టు. అప్పుడు దిద్దిన అక్షరాల గతి తెలిసిందే, ఇప్పుడైనా బాగా దిద్దాలనుకున్నాను. ఆయన చెయ్యి తీసి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను నొక్కాను.

రంగు బయల్దేరింది. చట్రం దాకా పోయింది. మొదట బాగానే పట్టినట్టుంది. తర్వాత పొగమంచులా తిరిగి నా వైపు వచ్చింది. మోచేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ముక్కు మీద, మీసం మీద చల్లగా తగులుతోంది. బడి బెంచీలకు కొట్టే బూడిద కలిసిన ఆకుపచ్చ. రంగుకు నేను బెంచీకంటే నచ్చాను కాబోలు అనుకున్నాను. నిజానికి జరిగింది అదే. భూమికి దావ నాలోంచి ఉంది, చట్రంలోంచి లేదు.

"ఒదులు! గన్ను ఒదులు!" అన్నాడు మేస్త్రీ.

వేలు తీశాను గానీ, చట్రం అప్పటికే గన్ను గాలికి ఊగుతోంది. ఊగి పక్క రేకుకు అంగుళం దూరంలోకి వచ్చింది. టప్పున నీలంగా ఒక గీత. తడి రంగు ఉన్న చట్రం కాలు మీద కర్పూరం అంటుకున్నట్టు చిన్న మంట. ముదలాళి అలవాటుకొద్దీ రెండు చేతులూ జోడించి కళ్ళకు అద్దుకోబోయి మధ్యలో ఆగిపోయాడు.

మేస్త్రీ పరిగెత్తలేదు. గన్ను పెట్టె స్విచ్చి కట్టేసి, గాలి గొట్టం మూసి, మూల ఎప్పుడూ తడిపి పెట్టే గోనెపట్ట తీసి చట్రం కాలుకు చుట్టి రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. విప్పితే మంట లేదు. థిన్నరు డబ్బా గడప అవతల ఉంది. రోజూ ఉన్నట్టే. అది రోజూ ఎందుకక్కడ ఉంటుందో ఆ పూట నాకు తెలిసింది.

ఫ్యాను ఇంకా తిరుగుతోంది. ముందు తేరుకున్నది ముదలాళి.

"మేస్త్రీ, నేను ముందునుంచీ చెప్తానే ఉండా. మీకు చూపు తగ్గింది. ఏడ ఏం ఊడిందో చూసుకోకుండా ఆ పిల్లోడి చేతికి ఇచ్చేసినారు. ఇంక మీవల్ల కాదేమో."

మీటరు మీ పటం వెనకుంది అని మేస్త్రీ అనవచ్చు. ఆయన తడి గోనె మడతపెడుతున్నాడు. నేను పైకి చూశాను. ఇత్తడి పట్టీ మీద నా కుంకుమ బొట్టు ఎర్రగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంది. హుక్కు పసుపు, పైపు పసుపు. చట్రంలోంచి హుక్కుకు, హుక్కులోంచి పైపుకు, పైపులోంచి తీగకు... మూడు చోట్లా నేనే గేట్లు వేసి బిగించాను.

నోరు మూసుకుంటే చాలు. చూపు తగ్గిన మేస్త్రీ ఇంటికి పోతాడు, గన్ను నాకు వస్తుంది. మామగారి మాట మారుతుంది. కానీ నోరు మూసుకోవడం నాకు బడిలోనే రాలేదు.

"మేస్త్రీ కళ్ళు బాగానే ఉండాయి ముదలాళీ," అన్నాను. "ఆ కుంకుమ నేను పెట్టింది. ఎనామిలు. పండగని భూమి దావకి పూతేసి మూసేసినా."

మేస్త్రీ స్టూలు ఎక్కి ఒక హుక్కు దింపాడు. గోటితో గీశాడు. గీత పడలేదు.

"రెండు పూతలా?"

"మూడు."

"బాగా పట్టింది," అన్నాడు. అప్పటిదాకా నా పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత హుక్కును నా చేతిలో పెట్టాడు. పడేయలేదు. "రంగేసింది నీ తప్పు. మీటరు చూడకుండా గన్నిచ్చింది నా తప్పు. నా తప్పు నేను చూసుకుంటా. గన్ను మాత్రం ఇప్పుడు నీది కాదు." ముదలాళికి వినపడేలాగే చెప్పాడు. ముదలాళి అమ్మవారి పటం దగ్గరికి పోయి, తనే పటం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మీటరు తీసి తెచ్చి ఇచ్చాడు. పటం పడలేదు. ఆ తర్వాత ఏ పూజలోనూ ఆ మీటరును పెట్టలేదు.

ఇంటికి పోయేసరికి నా భార్య పాయసం వండి పెట్టింది. గుమ్మంలోనే నా మొహం చూసి, "మీసమేందయ్యా పాచి పట్టింది?" అంది.

"గన్నును చూసి ముచ్చటపడింది."

"గన్నొచ్చిందా?"

"గన్ను రాలేదు. రంగొచ్చింది."

జరిగింది చెప్పాను. మంట దగ్గరికి వచ్చేసరికి ఆమె గరిటె పక్కన పెట్టేసింది. కిరసనాయిలు గుడ్డతో చాలాసేపు రుద్దింది. ఎనామిలు కదా, మీసంతో కలిసిపోయింది. చివరికి కత్తెర తెచ్చింది. అద్దంలో చూసుకుంటే ఏడో తరగతిలో బెంచీ మీద నిలబడ్డ వాడే కనిపించాడు. పాయసం తిన్నాం. బాగుంది కూడా. వారం తర్వాత మామగారినుంచి కబురొచ్చింది: "గన్నొస్తాదని గదా చెప్పినారు, మీసం పోయిందంటారేంది?"

అన్ని హుక్కులూ గీకడానికి పదకొండు రోజులు పట్టింది. నేను వేసిన పూత నాకే లొంగలేదు. బస్సులో పోతున్నప్పుడు కూడా గోళ్ళలో పసుపు రంగు చూసి పక్కవాళ్ళు పెళ్ళికొడుకా అని అడిగేవాళ్ళు. హుక్కులు అయ్యాక పైపు, పైపు అయ్యాక పట్టీ. పట్టీ విప్పి లోపలి ఇత్తడి బంగారంలా తేలేదాకా రుద్దాను. బొట్టు ఆఖరున పోయింది.

పట్టీ పక్కన గోడ మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాశాను: "ఈడ రంగు వేయరాదు. బొట్టు కూడా." రంగుతో రాద్దామనుకున్నాను గానీ, ఆ గోడ దగ్గరికి బ్రష్షు పట్టుకుపోవడానికి చెయ్యి రాలేదు. మేస్త్రీ చదివి, "ఏడో క్లాసు చదువు వృథా పోలేదు," అని వెళ్ళిపోయాడు.

మీటరు చూడటం ఆయన నేర్పలేదు. చూస్తుంటే వద్దనలేదు. పొద్దున ఆయన రాకముందే వచ్చి, ఒక్కొక్క చట్రానికీ తీగ ఆనించి ముల్లు చూసి, అనుమానం ఉన్న హుక్కు నేనే విప్పి పక్కన పెట్టేవాణ్ణి. మధ్యాహ్నం అన్నమయ్యాక ఇంకోసారి చూసేవాణ్ణి, ఎందుకంటే పొద్దున బాగున్న హుక్కు మధ్యాహ్నానికి మళ్ళీ రంగు మింగుతుంది. ఆయన నా వైపు చూసేవాడు కాదు. కానీ తను వచ్చాక మళ్ళీ మీటరు పెట్టి చూడటం నెమ్మదిగా తగ్గించాడు. రెండు నెలలకు ఒకటో రెండో చట్రాలు మాత్రమే చూసేవాడు. తర్వాత అదీ మానేశాడు.

మీసం నెలన్నరలో మళ్ళీ వచ్చింది. గన్ను రాలేదు. నేను అడగలేదు. అడిగే మొహం ఉంటే కదా. ఆయన భుజం ఎత్తినప్పుడు పళ్ళు బిగబట్టడం కనిపించేది. సాయంత్రాలు తైలం వాసన థిన్నరు వాసనను కూడా దాటి వచ్చేది. నేను హుక్కులు గీకుతూ, ఆయన చెయ్యి చట్రం మీద ఎలా కదులుతుందో చూస్తూ ఉండేవాణ్ణి. గొట్టానికి జానా బెత్తెడు దూరం, ఎక్కడా ఆగకుండా, దువ్వెన్నతో తల దువ్వినట్టు.

పండుగలన్నీ అయిపోయాయి. ఎండలు ముదిరాయి. బళ్ళు తెరిచేలోపు బెంచీలు కావాలని తొందర మొదలైంది. ఒక మంగళవారం మధ్యాహ్నం షెడ్డు రేకులు కాలిపోతుంటే, మేస్త్రీ ఒక చట్రానికి సగం కొట్టి ఆపాడు. గన్ను పెట్టె కట్టేసి, తొడుగు విప్పి, గన్నుతోనే గడప దాకా వచ్చి నా ముందు నిలబడ్డాడు. పూలు లేవు, అయ్యవారు లేడు, ముదలాళి బజారుకు పోయాడు.

"మీటరు చూసినావా?"

"చూసినా."

"ఎప్పుడు?"

"పొద్దున. అన్నం తిన్నాక. ఇందాక మీరు నీళ్ళు తాగడానికి పోయినప్పుడు ఇంకోసారి."

"చెప్పులు?"

"అక్కడ వదిలేసినా."

"వాచీ?"

"మూతలో ఉండాది."

ఆయన గన్ను తిప్పి పిడి నా వైపు ఉండేలా పట్టుకున్నాడు. చేతులు చాచడానికి నాకు ధైర్యం చాలలేదు. ధైర్యం చాలనప్పుడు నా నోరు తనంతట తానే ఏదో ఒకటి అనేస్తుంది. గోడ గడియారం వైపు చూశాను.

"మేస్త్రీ, ఈ రోజు మంగళవారం. గంట మూడున్నర. నడి రాహుకాలం. ఇప్పుడిస్తే ఏమవుతాదో?"

ఆయన గన్ను నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నల్ల నేరం చూసి ఇస్తే నువ్వేం చేసినావో చూసినాం గదరా. ఇంక నిన్ను చూసి భయపడాల్సింది రాహుకాలమే. కొట్టు."